బొమ్మ కింది ఎడమ మూల

మా ఇంట్లో అందరికీ ఒక అలవాటు ఉంది. ఎండిన పసుపు కొమ్ము చేతికి తగిలితే విరుస్తాం. కొనేవాళ్లు సరుకును అలాగే చూస్తారు. పై తోలు ఎంత మురికిగా ఉన్నా పట్టించుకోరు. కుప్పలోంచి ఒక కొమ్ము తీసి రెండు చేతులతో పట్టి విరుస్తారు. టక్కున చప్పుడు రావాలి, లోపలి రంగు నిండుగా కనబడాలి. చప్పుడు రాకుండా వంగితే సరుకు ఇంకా ఎండలేదని అర్థం. మార్కెట్‌కు బయలుదేరే ముందు మా బాపు, అంటే నాన్న, తానే ప్రతి బస్తాలోంచి ఒకటి విరిచి చూసుకుంటాడు. చిన్నప్పుడు నాకూ నేర్పించాడు. ఇప్పుడు పుస్తకం చదువుతూ కూడా పక్కనున్న చాటలోంచి ఒక్కొక్కటే తీసి విరుస్తుంటాను. నాకు తెలియనే తెలియదు, అమ్మ తిట్టేదాకా.

"ఎలుకవా ఏందే? చేతికందిందల్లా తుంచుతవ్!"

పోయిన పసుపు కాలంలో ఈ అలవాటు నా చేత ఒక పని చేయించింది. అప్పటి డైరీలో ఆ రోజు పేజీ ఖాళీగా ఉంది. రాస్తే ఎవరైనా చదువుతారేమోనని భయపడ్డాను. ఇప్పుడు రాస్తున్నాను.

మాకు స్కూల్లో డ్రాయింగ్ చెప్పిన టీచర్ రిటైరయ్యాక మా వీధి చివర హైవే వైపున్న పాత పసుపు గోదాం అద్దెకు తీసుకున్నారు. రేకులు కారుతాయని వ్యాపారులు దాన్ని వదిలేసి చాలా ఏళ్లయింది. గోడల పగుళ్లలో ఇంకా పసుపు దుమ్ము ఉంది. మూల అల్మారాలో ఆవిడ పుస్తకాలుండేవి. నా డిగ్రీ అయిపోయింది. పోటీ పరీక్షలకు చదువుతున్నానని ఇంట్లో చెప్పి, సాయంత్రాలు అక్కడికి వెళ్లి ఆ పుస్తకాలు చదువుకునేదాన్ని. అక్కడ ఎవరితోనూ మాట్లాడనక్కరలేదు. అదే నాకు పెద్ద సుఖం.

టీచర్ బొమ్మలు వేసే తీరు మొదటిసారి చూసినప్పుడు, ఆవిడకు ఎవరిమీదో కోపం వచ్చిందనుకున్నాను. దళసరి బట్టను నేలమీద పరిచి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చెప్పుల్లేకుండా చుట్టూ తిరిగేవారు. ఇనుప గేట్లకు వేసే రంగులో గోడలకు పూసే లప్పం కలిపి చిక్కగా చేసేవారు. దాన్ని పెళ్లిళ్లలో పప్పు వడ్డించే పెద్ద గరిటెతో ముంచి విసిరేవారు. విసిరేముందు చాలాసేపు కదలకుండా నిలబడేవారు. చెయ్యి లేచిందంటే అంతే, మళ్లీ దిద్దడం ఉండదు.

పక్క గోదాంలో బస్తాలు మోసే హమాలి ఒకాయన రోజూ తలుపు దగ్గర ఆగి చూసేవాడు.

"టీచరమ్మా, రంగుల దుకాణంల బర్రెలు కొట్లాడినయా ఏంది?"

"కొట్లాడినయ్. నువ్వు ఇడిపియ్యడానికి రాకపోతివి."

"గిది ఏం బొమ్మో జర చెప్పరాదు. చెట్టా, మనిషా?"

"నీకేం కనవడ్డది?"

"నాకా? నాకు బస్తా పలిగినట్టు కనవడ్డది."

"గంతే మరి," అని టీచర్ నవ్వేవారు.

అలా వేసినవాటిలో పెద్దది ఒకటుంది. గోదాం వెనక గోడ సగం నిండేంత ఉంటుంది. నల్లటి, ఇటుక రంగు చారల మీదుగా, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా పసుపు రంగు ఎగిరి పడింది. అందులో చెట్టు లేదు, మనిషి లేడు. దాని ముందు నిలబడితే హైవే అంచున నిలబడి ఉండగా లారీ దూసుకుపోయినట్టు ఒంటికి తగిలేది. ఇష్టమో భయమో నాకు తెలియదు, రోజూ వెళ్లి కాసేపు దాని ముందు నిలబడేదాన్ని.

ఆ బొమ్మను వేలానికి పంపుదామన్నది నేనే. హైదరాబాద్‌లో బొమ్మలు వేలం వేసే కంపెనీ ఒకటుందని నెట్‌లో చూశాను. నోటితో నాలుగు మాటలు మాట్లాడలేను గానీ, మెయిల్ రాయమంటే రాస్తాను. ఫోటోలు తీసి, కొలతలు రాసి, ఫారం నింపి పంపాను. ఫారంలో ఒక ప్రశ్న ఉంది: బొమ్మకు దెబ్బలు, చిరుగులు, రంగు ఊడటం లాంటివి ఏమైనా ఉన్నాయా? లేవని రాశాను. అప్పటికి అది నిజమే.

రెండు వారాలకు, తీసుకుంటామని జవాబు వచ్చింది. టీచర్ ఆ మెయిల్ నా చేత మూడుసార్లు చదివించుకున్నారు. తర్వాత స్టూలు మీద కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పారు.

"పదేండ్లసంది ఏస్తున్ననే. ఒక్కటంటె ఒక్కటి ఎవరన్న కొని తీస్కపోతె ఇంక ఏస్త. పోకపోతె ఉగాదికి గీ గోదాం తాళం ఓనర్‌కు ఇచ్చేస్త. కోపంతోని అంటలేను. నేను చేసేది పనా, పిచ్చా, నాకు గూడ తెల్వాలె గదా."

ఆవిడ ఊరికే అనే మనిషి కాదు. నాకు ఆ రోజే భయం మొదలైంది. కాకపోతే అప్పుడది బొమ్మ అమ్ముడుపోతుందో లేదోనన్న మామూలు భయం.

బండి రావడానికి రెండు రోజుల ముందు టీచర్ కళ్లు చూపించుకోవడానికి నిజామాబాద్ వెళ్లారు. తాళం నాకిచ్చి, మెత్తటి బ్రష్‌తో బొమ్మ మీది దుమ్ము దులపమన్నారు. వడ్రంగి దాన్ని చెక్క చట్రానికి బిగించి గోడకు ఆనించి వెళ్లాడు. నేను పై నుంచి మొదలుపెట్టి, స్టూలు జరుపుకుంటూ, ఒక గంటకు కింది ఎడమ మూలకు వచ్చి గొంతుక్కూర్చున్నాను.

ఆ మూలలో పసుపు రంగు ముద్దగా పడి గట్టిపడింది. వేలంత పొడవు, కణుపులు కణుపులుగా, పైన తోలులా ముడతలు. ఒక కొస బట్టకు అంటకుండా కాస్త పైకి లేచి ఉంది. దాన్ని అంతకుముందు ఎన్నోసార్లు చూశాను. ఆ రోజు వెనకవైపు నుంచి ఎవరో పసుపు ఉడికిస్తున్న వాసన వస్తోంది. నేను ఏదో ఆలోచిస్తున్నాను, ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు. చెయ్యి వెళ్లింది. బొటనవేలు కింద, రెండు వేళ్లు పైన. విరిచేశాను.

చప్పుడు రాలేదు. మెత్తగా వంగి తెగింది. చప్పుడు రాకపోవడంతోనే నాకు తెలివి వచ్చింది.

వేలెడు ముక్క నా చేతిలో ఉంది. బొమ్మ మీద మిగిలిన మొండి భాగం లోపల రంగు ఇంకా తడిగా, నేను ఎన్నడూ చూడనంత పసుపుగా మెరుస్తోంది. చూస్తుండగానే దానిలోంచి ఒక బొట్టు ఊరి కిందికి జారడం మొదలుపెట్టింది. వేలితో పట్టేశాను. ఇంకోటి ఊరింది. అదీ పట్టాను. తలుపు తెరిచే ఉందని గుర్తొచ్చి వెనక్కి చూశాను. ఎవరూ లేరు. ముక్కను మళ్లీ దాని చోట పెట్టి నొక్కాను. తడికి అంటుకుంది. చెయ్యి తీశాను. పడలేదు. రెండడుగులు వెనక్కి వేసి చూస్తే ఏమీ కానట్టే ఉంది.

అలా కనబడటమే నన్ను చెడగొట్టింది. ముక్క కింద పడిపోయి ఉంటే ఆ సాయంత్రమే చెప్పేసేదాన్ని.

ఇంటికొచ్చి సబ్బుతో రుద్దాను, కిరోసిన్‌తో రుద్దాను. గోళ్ల సందుల్లో రంగు పోలేదు. అన్నం పెడుతూ అమ్మ నా చెయ్యి చూసింది. వేళ్లు మడుచుకున్నాను.

"పసుపు కాడికి పోయినవా?"

"ఊఁ."

"జర కడుక్కోని తినే. గోర్లల్ల చూడు ఎట్లున్నదో."

అంతే. మా ఊళ్లో ఆ నెలల్లో పసుపు అంటిన వేళ్లను ఎవరూ ఏమీ అడగరు. నా నేరం అందరి కళ్ల ముందే ఉంది, ఎవరికీ కనబడలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు గోదాంకు పోలేదు. తలనొప్పని చెప్పాను.

బండి వచ్చిన రోజు పోక తప్పలేదు. కంపెనీ నుంచి ఒక మేడం వచ్చింది, ఇద్దరు పనివాళ్లు ఆమెతో ఉన్నారు. ఆమె తెల్లటి చేతి తొడుగులు వేసుకుని, చిన్న టార్చ్ పట్టుకుని, నేను పంపిన ఫోటోలను ట్యాబ్‌లో పెట్టుకుని బొమ్మను అంగుళం అంగుళం చూసింది. పై వరస, నడిమి వరస, కింది వరస. ఎడమ మూలకు వచ్చినప్పుడు నేను గోడకు వీపు ఆనించుకుని నిలబడ్డాను. టార్చ్ వెలుగు ఆ ముక్క మీద ఆగింది. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టుకున్నాను. వెలుగు ముందుకు జరిగింది.

"ఫోటోల్లో ఉన్నట్టే ఉందండి. చాలా బాగా ఉంచారు," అంది మేడం. తర్వాత నా వైపు తిరిగి, "మెయిల్స్ రాసింది మీరేనా? చాలా క్లియర్‌గా రాశారు," అంది.

తల ఊపాను. టీచర్ నా భుజం మీద చెయ్యి వేసి గర్వంగా నవ్వారు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ నా భుజం మీద ఉంది.

పనివాళ్లు బొమ్మ ముఖం మీద పెద్ద ప్లాస్టిక్ షీటు కప్పి, బిగుతుగా లాగి, వెనక టేపు వేశారు. షీటు ఆ మూలకు ఒత్తుకోవడం చూశాను. లోపల తడి ఉందని ఆ గోదాంలో నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు చెప్పు అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. మేడం కాగితం మీద టీచర్ సంతకం తీసుకుంటోంది. టీచర్ కళ్లద్దాలు సర్దుకుని నింపాదిగా, పూర్తి పేరు రాస్తున్నారు. అంత సంతోషంగా ఆవిడ సంతకం చేయడం నేను ఎన్నడూ చూడలేదు. నోరు మూసుకున్నాను. బండి హైవే ఎక్కింది.

ఆ తర్వాత ఒక పగలు ఆగగలిగాను. ఏం చదివినా అక్షరాల మధ్య ఆ బొట్టు ఊరుతున్నట్టే అనిపించింది. బొమ్మ వేలంలో పోకపోతే టీచర్ తాళం ఇచ్చేస్తారు. ఆవిడ పనికి విలువ లేదనుకుని ఇచ్చేస్తారు. నిజానికి పోకపోవడానికి కారణం నా వేళ్లవుతాయి. ఆ మాట ఆవిడకు ఎన్నటికీ తెలియదు. నన్ను భయపెట్టింది అది. మర్నాడు పొద్దున్నే గోదాంకు వెళ్లి, తలుపు దగ్గరే నిలబడి చెప్పేశాను.

"టీచర్, గా పసుపు ముద్ద నేను విరిచిన."

ఆవిడ గరిటెలు కడుగుతున్నారు. "ఏ ముద్ద?"

"కింది మూలకున్నది. దుమ్ము దులుపుకుంట... పసుపు కొమ్ము అనుకున్న టీచర్. కాదు, ఏం అనుకోలే. చెయ్యి దానంతటదే పోయింది."

ఆవిడ నీళ్లు కారుతున్న గరిటెను అలాగే పట్టుకుని నన్ను చూశారు. తిడతారనుకున్నాను. అడిగింది ఒక్కటే.

"చప్పుడొచ్చిందా?"

"రాలే."

"అంటె లోపట ఆరలే." గరిటె కింద పెట్టారు. "వాళ్లు షీటు కప్పిన్రు. గుంజినప్పుడు దాంతోపాటె లేస్తది. ఫోన్ చెయ్."

"మీరు మాట్లాడున్రి టీచర్. నాతోని కాదు."

"నేను విరిచిన్నా?"

నాకు ఫోన్ అంటే చచ్చేంత భయం. గ్యాస్ బుకింగ్ ఫోన్ కూడా అమ్మే చేస్తుంది. నంబర్ నొక్కేటప్పుడు రెండుసార్లు తప్పు పోయింది. మేడం ఎత్తింది. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను, అదే చూసి చదివాను. గొంతు ఎవరిదో లాగా వినబడింది.

"లైన్‌లో ఉండండి, కవర్ తీయించి చూస్తాను," అంది.

ఆ ఎదురుచూపులో టీచర్ నాకు ఎదురుగా కూర్చున్నారు. ఫోన్‌లో ఎవరో టేపు చించుతున్న చప్పుడు దూరంగా వినిపించింది. తర్వాత మేడం గొంతు వచ్చింది.

"షీటుకు అంటుకుందండి. విరిగిన ముక్క ఒక్కటే కాదు, చుట్టూ అరచేతంత రంగు ఊడి వచ్చేసింది. బండి ఎక్కించకముందు ఒక్క మాట చెప్పి ఉంటే మూల దగ్గర ఖాళీ వదిలి కట్టేవాళ్లం కదా?"

"అవును మేడం," అన్నాను.

కేటలాగ్ అచ్చయిపోయిందట. బొమ్మను వేలంలోంచి తీసేయాలో ఉంచాలో పైవాళ్లను అడిగి చెప్తానంది. సాయంత్రం చెప్పింది. ఉంచుతారు, కానీ మొదటి ధర తగ్గిస్తారు, పాట మొదలుపెట్టే ముందు దెబ్బ సంగతి అందరికీ చదివి వినిపిస్తారు. ఎలా జరిగిందో రాసి పంపాలి. టీచర్ ఒప్పుకోవాలి.

"చెప్పమను," అన్నారు టీచర్. "ఉన్నది ఉన్నట్టు చెప్పమను."

ఆ మెయిల్ నాలుగు వాక్యాలు. రాయడానికి అర్ధరాత్రి దాకా పట్టింది. 'విరిగింది' అని రాశాను. కొట్టేసి 'నేను విరిచాను' అని రాశాను.

వేలం ఒక ఆదివారం మధ్యాహ్నం. ఇంటర్నెట్‌లో చూడొచ్చన్నారు. నా ఫోన్‌ను ఇటుకకు ఆనించి పెట్టి, గోదాంలో ఇద్దరం చాప మీద కూర్చున్నాం. రేకులు ఎండకు టపటపమంటున్నాయి. అక్కడ వేలం వేసే ఆయన కోటు వేసుకుని, బల్ల వెనక నిలబడి, ఒక్కో బొమ్మను రెండు నిమిషాల్లో అమ్మేస్తున్నాడు. దేవుళ్ల బొమ్మలు, కోటల బొమ్మలు చకచకా పోయాయి. మా బొమ్మ వంతు వచ్చింది.

తెరమీద అది చాలా చిన్నదిగా కనబడింది. ఆయన కాగితం చూసి చదివాడు. కింది ఎడమ మూలలో రంగు ఊడింది, కొనేవారు గమనించగలరు. హాల్లో కుర్చీల్లో ఉన్నవాళ్లు తలలు వంచి కేటలాగ్‌లో చూసుకున్నారు. టీచర్ నా వైపు చూడలేదు. ఆయన మొదటి ధర చెప్పాడు.

ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

మళ్లీ చెప్పాడు. కెమెరా హాలంతా తిరిగింది. ఒకాయన నీళ్లు తాగుతున్నాడు. ఒకామె పక్కామెతో ఏదో చెప్పి నవ్వింది. ఆ నవ్వు మా బొమ్మ గురించో కాదో నాకు తెలియదు. టీచర్ చీర కొంగుకు ముడేసి ఉన్న తాళంచెవిని చూశాను. ఆవిడ వేళ్లు దాని మీదే ఉన్నాయి. ఆయన సుత్తి పైకెత్తాడు. ధర చెప్పడం ఇదే ఆఖరుసారి అన్నాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"ఫోన్‌లో ఒకరున్నారు," అని ఎవరో ఆడమనిషి అంది.

కళ్లు తెరిచాను. పక్క బల్ల దగ్గర చెవికి ఫోన్ ఆనించుకున్న అమ్మాయి చెయ్యి ఎత్తి ఉంది. ఆయన హాలును ఒకసారి చూశాడు. ఇంకెవరూ పెంచలేదు. సుత్తి పడింది.

"పోయిందా?" అన్నారు టీచర్.

"పోయింది టీచర్. ఒక్కరే అడిగిన్రు. తగ్గించిన ధరకే."

"ఎవరు?"

"తెల్వది. పేరు చెప్పలే."

"మూల సంగతి ఇన్నరా వాళ్లు?"

"ఇన్నరు. అందరికి సదివిండు గదా."

ఆవిడ చాలాసేపు ఖాళీ గోడను చూస్తూ కూర్చున్నారు. బొమ్మ ఆనించిన చోట గోడ మీద చట్రం గీతలు మిగిలాయి. తర్వాత లేచి, నా ఎదురుగా నిలబడి, తిట్టడం మొదలుపెట్టారు. అన్ని రోజులు ఎక్కడ దాచుకున్నారో తెలియదు.

"విరిచినందుకు కాదే నా కోపం. చెయ్యి పోయింది, పోయింది. మనోళ్లం, మన చేతులే గంత. గామె టార్చ్ పట్టుకోని గంటసేపు నీ ముందల్నే తిరిగింది గదా! నేను సంతకం పెడుతుంటె సూస్కుంట నిలవడ్డవ్ గదా! నోట్ల ఏం పెట్టుకున్నవే, లప్పమా?"

"భయమైంది టీచర్."

"నాకు కాలేదా? గిప్పుడు వాడు సుత్తి లేపినప్పుడు నా పానం యాడున్నది? భయమైతదని నోరు మూసుకుంటె ఎట్లనే? అరచేతంత పోయింది, బిడ్డా. నీ ముక్క ఏలెడే. మిగిలింది నీ నోరు తిన్నది."

ఏడ్చేశాను. ఫోన్ చేసే రోజు తిడితే నాకు మాట పెగలదని ఆవిడ ఆగారట, అందుకే వేలం అయ్యేదాకా కోపాన్ని మింగుకున్నారట. ఆవిడే చెప్పారు. ముక్కు తుడుచుకొమ్మని పాత రంగుల గుడ్డ ఇచ్చారు. టర్పెంటైన్ కంపుకు ఇంకా కళ్లనీళ్లు కారాయి.

భయం పోయిందని రాయలేను. ఆ బొమ్మ ఎవరి ఇంట్లో ఉందో తెలియదు. ఆ ఇంట్లోవాళ్లు రోజూ ఆ మూలను చూస్తూ ఎవరిదీ పని అని అనుకుంటుంటారేమో. ఇప్పటికీ ఫోన్ మోగితే ముందు రెండు మూడుసార్లు మోగనిస్తాను, తర్వాతే ఎత్తుతాను. ఎత్తడం మాత్రం ఎత్తుతున్నాను.

మర్నాడు గోదాంకు పోవాలా వద్దా అని వీధిలో రెండుసార్లు ఇటూ అటూ తిరిగాను. తలుపు తెరిచే ఉంది. టీచర్ కొత్త బట్ట తాను నేలమీద పడేసి, ఒక కొసను ఇటుకలతో తొక్కిపెట్టి, రెండో కొస దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నారు.

"ఆడ నిలవడి ఏం సూస్తున్నవ్? గీ కొస పట్టుకో. గట్టిగ గుంజు, బట్టనే, విరగది."

చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లాను.